తప్పు చేయనివారికి తాళమెందుకు?



సంఘములను దర్శించుటకు వెళ్లినప్పుడు, ఆరాధన ముగిసిన తరువాత చెట్టు నీడన నలుగురితో కూర్చున్నప్పుడు, బస్సులోను రైలులోను ముక్కు మొగము తెలియనివారితో మాట కలిసినప్పుడు మేము ఒక వాదమును పలుమార్లు వినుచున్నాము. ఫోనుకు తాళమెందుకు, ఆధారు నకలు ఎవరికైనా ఇచ్చినచో నష్టమేమి, మన మాటలు ప్రభుత్వము విన్నచో మనకేమి అని ఆ వాదము మొదలగును. ఎక్కడ మొదలైనను చివరకు ఒక్క మాట దగ్గరనే ఆగును: "తప్పు చేయనివాడికి దాచుకోవలసింది ఏముంది?"

వినుటకు ఇది నీతిగల మాటగానే ఉన్నది. మనము వెలుగు సంబంధులము, మన దేవుడు అంతయు చూచుచున్నాడు, అట్లయినప్పుడు మనుష్యులు చూచినచో ఏమి అని విశ్వాసికి తోచును. అయితే ఈ దినములలో మన పల్లెలలోని పెద్దలను ఫోనులో దోచుకొనువాడు చెప్పు మాట కూడ ఇదియే. "మీరు ఏ తప్పూ చేయలేదు కదా? మరి భయమెందుకు? వివరాలన్నీ చెప్పండి" అని అతడు అడుగును. మంచివారు నమ్మిన మాటనే దొంగవాడు తన పనిముట్టుగా చేసికొన్నాడు. 2024 ఒక్క సంవత్సరములోనే దేశమందు సైబరు మోసములవలన ప్రజలు పోగొట్టుకొన్న సొమ్ము 22,845 కోట్ల రూపాయలకు పైమాటేనని కేంద్ర ప్రభుత్వము 2025 జూలైలో పార్లమెంటునకు తెలియజేసినది. పోగొట్టుకొన్నవారిలో ఎందరో ఏ తప్పును చేయనివారే. కావున ఈ మాటను వాక్యపు వెలుగులోను, మన దేశ చట్టముల వెలుగులోను కొంచెము నిదానించి చూచుట మంచిది.

హిజ్కియా తెరచిన కొట్లు

రాజుల రెండవ గ్రంథము 20వ అధ్యాయములో హిజ్కియా రాజు సంగతి మనకు తెలిసినదే. మరణకరమైన రోగమునుండి దేవుడు అతనిని స్వస్థపరచెను. ఆ వార్త విని బబులోను రాజు కానుకతోను పత్రికలతోను దూతలను పంపెను. పరామర్శించుటకు వచ్చిన పెద్దమనుష్యులు గదా అని హిజ్కియా సంతోషించి వెండి, బంగారము, సుగంధ ద్రవ్యములు, ఆయుధశాల మొదలుకొని తన ఇంటనున్న ప్రతి వస్తువును వారికి చూపెను. చూపక విడిచినది ఒక్కటియు లేదు.

అందులో హిజ్కియా దాచిన పాపము ఏదియు లేదు. దొంగ సొమ్ము లేదు. అంతయు న్యాయముగా కలిగినదే. "తప్పు చేయనివాడికి దాచుకోవలసింది ఏముంది" అను మాట ప్రకారము అతడు చేసినది సరియైనదే కావలెను. అయితే యెషయా ప్రవక్త వచ్చి మొదట అడిగిన ప్రశ్నలు ఏవి? ఆ మనుష్యులు ఎక్కడనుండి వచ్చిరి, నీ ఇంట వారు ఏమి చూచిరి అని అడిగెను. వారు చూచినదంతయు ఒక దినమున బబులోనునకు కొనిపోబడునని చెప్పెను. నిజముగా అట్లే జరిగెను.

ప్రవక్త అడిగిన ఆ రెండు ప్రశ్నలను ఫోను చేతిలో పట్టుకొన్న ప్రతివారును కంఠస్థము చేయవలెను. అడుగుచున్నవాడు ఎక్కడివాడు? మన ఇంట ఏమి చూచుచున్నాడు?

దేవుడు చూచుట వేరు, పరాయివాడు చూచుట వేరు. దేవుడు కాపాడుటకు చూచును. పరాయివాని ఉద్దేశము మనకు తెలియదు. ప్రార్థించునప్పుడు గదిలోనికి వెళ్లి తలుపు వేసికొనుమని ప్రభువే బోధించెను. ప్రార్థన తప్పు పని అని ఆయన తలుపు వేయమనలేదు గదా! కాబట్టి మూసిన ప్రతి తలుపు వెనుక పాపమున్నదని తలంచుట వాక్యానుసారము కాదు. దేవుడు అప్పగించినదానిని కాయుట గృహనిర్వాహకుని పని. తాళము దాపరికమునకు కాదు, ఆ పని కొరకే.

వ్రేలిముద్ర నేడు తాళపుచెవి

మన తాతల కాలమున నిశాని అనగా కాగితము మీద బొటనవ్రేలి సిరా గుర్తు మాత్రమే. నేడు అదే వ్రేలిముద్ర బ్యాంకు ఖాతాకు తాళపుచెవి అయినది. ఊరిలో బ్యాంకు మిత్ర అను వ్యక్తి చిన్న యంత్రముతో వచ్చును. బ్యాంకు పేరు చెప్పి, ఆధారు సంఖ్య ఇచ్చి, వ్రేలు పెట్టినచో డబ్బు చేతికి వచ్చును. పిన్ అక్కరలేదు, ఓటీపీ అక్కరలేదు. ఏటీఎమ్ కార్డు వాడుట చేతగాని అవ్వలకు, మండల కేంద్రము వరకు నడువలేని తాతలకు ఇది గొప్ప మేలు. మేము దానిని తక్కువచేసి మాటలాడుట లేదు.

అయితే 2018లో తెలంగాణలోని పెద్దపల్లి జిల్లాలో బయటపడిన సంగతి గమనించుడి. సిమ్ కార్డుల వ్యాపారము చేయు ఒక వ్యక్తి రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో ఉన్న భూమి దస్తావేజులను తీసికొనెను. వాటిమీద క్రయవిక్రయదారుల ఆధారు సంఖ్యలును, వ్రేలిముద్రలును స్పష్టముగా ఉన్నవి. ఊరూర రబ్బరు స్టాంపులు తయారుచేయు యంత్రము వంటిదానితోనే అతడు ఆ ముద్రలను రబ్బరుమీదికి ఎక్కించి, ఆ నకిలీ వ్రేళ్లతో వేలాది సిమ్ కార్డులను పరుల పేరుతో తెరచెను. పోలీసులు అతనిని పట్టుకొనిరి. తరువాతి సంవత్సరములలో ఇదే పద్ధతితో ఖాతాలలోని డబ్బు కాజేసిన ముఠాలు పలుచోట్ల పట్టుబడినవి.

ఆ దస్తావేజులలోని రైతులు ఏమి తప్పు చేసిరి? వారు చేసినదెల్లను చట్టప్రకారము భూమి రిజిస్ట్రేషను చేయించుకొనుటయే. ఎవరికిని ఓటీపీ చెప్పలేదు. ఏ లింకును నొక్కలేదు. తప్పు చేయనివారికే తాళము అవసరమనుటకు ఇంతకంటె సాక్ష్యము కావలెనా?

దీనికి విరుగుడు ఉన్నది, ఖర్చు లేదు. ఆధారు సంస్థ తన వెబ్‌సైటులో 'బయోమెట్రిక్ లాక్' అను ఏర్పాటు చేసినది. మన ఆధారుకు జతపరచిన ఫోను నంబరుకు వచ్చు ఓటీపీతో వ్రేలిముద్రకు, కంటి ముద్రకు తాళము వేయవచ్చును. తాళము వేసిన తరువాత నకిలీ వ్రేలు మాత్రమే కాదు, మన వ్రేలు కూడ పనిచేయదు. కావున రేషనుకైనను పింఛనుకైనను వ్రేలు పెట్టువారు ఆ దినమున తాళము తెరచుకొని, పని ముగిసిన పిమ్మట మరల వేసికొనవలెను. ఆధారు నకలు ఇయ్యవలసి వచ్చినప్పుడు మొదటి 8 అంకెలు కనబడని 'మాస్క్‌డ్ ఆధార్' అను ప్రతి కూడ అక్కడనే దొరకును. జిరాక్సు దుకాణములో చెడిపోయిన కాపీని అక్కడనే పారవేసి రావద్దు. ఇంటికి తెచ్చి చింపివేయుడి.

సుప్రీంకోర్టు ఏమి చెప్పినది?

మన స్వంత విషయములు మనకే ఉండవలెనని కోరుట చట్టప్రకారము సరియేనా? ఈ వాదము మన చెట్టు క్రిందనే కాదు, దేశములోని అత్యున్నత న్యాయస్థానములో కూడ జరిగినది.

1962లో ఖరక్ సింగ్ అను ఉత్తరప్రదేశ్ వాసి కేసు సుప్రీంకోర్టులో తీర్పునకు వచ్చెను. పోలీసులు రాత్రివేళ అతని ఇంటి తలుపు తట్టి నిఘా ఉంచుచుండిరి. రాత్రివేళ అట్లు ఇంటికి వచ్చుట చెల్లదని కోర్టు చెప్పినది గాని, గోప్యత అనునది రాజ్యాంగము హామీ ఇచ్చిన హక్కు కాదని కూడ అన్నది. ఆ మాట అర్ధ శతాబ్దమునకు పైగా నిలిచినది. ఆధారు పథకమును ప్రశ్నించుచు కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామిగారు 2012లో వేసిన కేసులో ఈ ప్రశ్న మరల లేచినది. 9 మంది న్యాయమూర్తులు కూర్చుండి 2017 ఆగస్టు 24న ఏకగ్రీవముగా తీర్పు చెప్పిరి: గోప్యత ప్రతి పౌరుని ప్రాథమిక హక్కు.

ఆ విచారణలో ఒక వాదము వచ్చినది. గోప్యత అనునది కలిగినవారి ముచ్చట, బీదవారికి కావలసినది తిండి, ఇల్లు అని. న్యాయస్థానము దానిని త్రోసివేసినది. బీదవానికి అన్నము కావలెను గనుక అతని గౌరవమును తీసివేయవచ్చునని చెప్పకూడదు. గుడిసెకు కూడ తలుపు ఉండును గదా! దేవుని స్వరూపమందు సృజింపబడిన మనుష్యునికి, ధనికునికైనను కూలివానికైనను, అదే ఘనత కలదని నమ్మిన మనకు ఈ తీర్పు క్రొత్త మాట కాదు.

అయితే ఆ హక్కునకు హద్దులు లేవని కోర్టు చెప్పలేదు. ప్రభుత్వము మన విషయములోనికి రావలెనన్నచో చట్టము ఉండవలెను, న్యాయమైన ఉద్దేశము ఉండవలెను, అవసరమునకు మించి రాకూడదు. 2018 సెప్టెంబరు 26న ఆధారు చట్టముపై తీర్పు చెప్పినప్పుడు అదే కొలతతో చూచి, ప్రభుత్వ సహాయ పథకములకు ఆధారును ఉంచి, బ్యాంకు ఖాతాకు, సిమ్ కార్డుకు దానిని తప్పనిసరి చేయుట చెల్లదన్నది.

ఎదుటివారి మాట కూడ విందము

వాదములో ఒక పక్షమునే వినుట న్యాయము కాదు. "తాళాలు మంచివారికే కాదు, చెడ్డవారికీ అడ్డం" అని చెప్పువారి మాటలో నిజమున్నది. 2018లో పిల్లలను ఎత్తుకొనిపోవు ముఠాలు వచ్చినవని వాట్సాప్‌లో వదంతి వ్యాపించెను. ఆ సంవత్సరము మే నెలలో తెలంగాణలో అమాయకులు దెబ్బలు తిని ప్రాణములు విడిచిరి. జూలై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడాలో సంచార జాతికి చెందిన 5 మందిని గుంపు కొట్టి చంపినది. ఆ మాట మొదట పుట్టించినవాడు ఎవడో కనుగొనుటకు వీలు లేకపోయెను. ఏలయనగా ఆ సందేశములు పంపినవారికిని అందుకొన్నవారికిని తప్ప నడుమ ఎవరికిని కనబడకుండ తాళము వేయబడి ఉండును. చివరకు ఆ నెలలోనే వాట్సాప్ సంస్థ మన దేశములో ఒకేసారి 5 కంటె ఎక్కువ చోట్లకు సందేశమును పంపకుండ హద్దు పెట్టినది.

ఇట్టి సందర్భములలో మొదట పంపినవానిని చూపవలెనని కేంద్ర ప్రభుత్వము 2021 ఫిబ్రవరి నియమములలో పెద్ద సంస్థలను కోరినది. ఒకని కొరకు తాళము తెరచినచో అందరి తాళములు చెడునని చెప్పి వాట్సాప్ అదే సంవత్సరము ఢిల్లీ హైకోర్టుకు వెళ్లినది.

రెండు పక్షములలోను బరువున్నది. నేరస్థుని పట్టుకొనుట అధికారుల పని, అది దేవుడు వారికి నియమించినది. కాని తాళము తెరచుటకు చట్టము, ఉత్తరువు, బాధ్యుడైన అధికారి ఉండవలెను. వాటిలో ఒకటియు లేకుండ ఫోనులో వచ్చిన గొంతునకు మనమే తాళము తెరచి ఇచ్చుట చట్టమునకు లోబడుట కాదు. ఇక్కడనే మన పెద్దలు మోసపోవుచున్నారు.

ఓనో మైదానము నుండి వచ్చిన పత్రిక

ఈ కాలపు మోసములలో మిక్కిలి క్రూరమైనది 'డిజిటల్ అరెస్ట్' అనబడునది. మొదట ఒక కాల్ వచ్చును. మీ పేరున వచ్చిన పార్శిలులో మాదక ద్రవ్యములు దొరికినవనియో, మీ ఆధారుతో తెరచిన ఖాతాలో నల్లధనము ఉన్నదనియో చెప్పును. పిమ్మట వీడియో కాల్‌లో పోలీసు దుస్తులు ధరించినవాడు కనబడును. వెనుక జెండా, రాజముద్ర ఉండును. సీబీఐ పేరుతో, కోర్టు పేరుతో ముద్రవేసిన కాగితములు ఫోనులోనికి వచ్చును. "మీరు అరెస్టులో ఉన్నారు. కెమెరా ముందు నుంచి కదలకూడదు. ఇంట్లో ఎవరికీ చెప్పకూడదు. మీరు నిర్దోషి అయితే డబ్బు మేము చెప్పిన ఖాతాకు పంపండి, పరిశీలించి తిరిగి ఇస్తాం" అని అందురు. చదువురానివారు మాత్రమే దీనికి చిక్కుదురని తలంచకుడి. 2024లో లూధియానాకు చెందిన 82 ఏండ్ల పేరొందిన పారిశ్రామికవేత్తకు నకిలీ సుప్రీంకోర్టు విచారణను వీడియోలో చూపి 7 కోట్ల రూపాయలు కాజేసిరి.

పరిశుద్ధ గ్రంథములో నెహెమ్యా 6వ అధ్యాయము చదువుడి. ఇదంతయు అక్కడ ఉన్నది. ఓనో మైదానమునకు రమ్మని శత్రువులు నాలుగు మారులు పిలిచిరి. నెహెమ్యా నాలుగు మారులు ఒకే జవాబు చెప్పెను, పని విడిచి రానని. అయిదవ మారు సన్బల్లటు ఒక పత్రిక పంపెను. నీవు రాజుమీద తిరుగుబాటు చేయుచున్నావని అందరు చెప్పుకొనుచున్నారు, ఈ సంగతి రాజునకు తెలియబోవుచున్నది, కావున త్వరగా రమ్ము, మాటలాడుకొందము అని దాని భావము. అబద్ధ నేరము, రాజు పేరుతో భయము, త్వరపెట్టుట, రమ్మని పిలుచుట. నేటి కాల్‌లో దీనికి మించి క్రొత్తది ఏమున్నది?

నెహెమ్యా తన నిర్దోషత్వమును నిరూపించుకొనుటకు ఓనోకు వెళ్లలేదు. లెక్కల పుస్తకములు పంపలేదు. అట్టి సంగతి ఏదియు లేదని, అది వారు కల్పించినదని ఒక్క ముక్క చెప్పి, తన చేతులను బలపరచుమని దేవునికి ప్రార్థించి, పనిలో పడెను. 52 దినములలో గోడ పూర్తి ఆయెను. ఏదెను తోటలో హవ్వ సర్పముతో వాదనకు దిగి ఏమి పోగొట్టుకొనెనో మనకు తెలియును. వాదించి గెలువవలెనని చూడకుడి. అపరిచితునితో వాదించి మన నీతిని నిరూపించుకొనవలసిన అక్కర లేదు. ఫోను పెట్టివేయుటయే మంచి జవాబు.

ముద్ర ఉన్నది గదా అందురేమో! నాబోతు ద్రాక్షతోట కొరకు యెజెబెలు వ్రాసిన తాకీదుల మీద కూడ అహాబు రాజు ముద్ర ఉన్నది. పెద్దలు ముద్ర చూచి నమ్మిరి, నిర్దోషి చనిపోయెను. మన కాలములో సుప్రీంకోర్టు పేరుతోనే నకిలీ ఉత్తరువులు సృష్టించి హర్యానాలోని అంబాలాకు చెందిన వృద్ధ దంపతులను దోచుకొనిరి. ఆ సంగతి తెలిసి సుప్రీంకోర్టు 2025 అక్టోబరులో తానే కేసు చేపట్టి, డిసెంబరు 1న దేశమంతట ఈ డిజిటల్ అరెస్టు కేసులను దర్యాప్తు చేయుమని సీబీఐని ఆదేశించినది.

భయపెట్టి వచ్చువాడు ఒకడైతే, బబులోను దూతలవలె కానుకతో వచ్చువాడు మరియొకడు. మీ సంఘ కట్టడమునకు విదేశమునుండి పెద్ద విరాళము పంపితిమి, కస్టమ్స్ రుసుము కట్టుడి అని పాస్టరుగార్లకు సందేశములు వచ్చుచున్నవి. చట్టప్రకారము విదేశీ విరాళము తీసికొనుటకు సంఘమునకు కేంద్ర హోం శాఖ రిజిస్ట్రేషనుగాని ముందస్తు అనుమతిగాని ఉండవలెను. 2020 సవరణ ప్రకారము ఆ సొమ్ము మొదట న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ఖాతాకే రావలెను. కస్టమ్స్ రుసుము అడుగు విరాళము విరాళమే కాదు.

పౌలు అడిగిన ప్రశ్న

చట్టమును ఎరిగియుండుట విశ్వాసికి తగదని కొందరు తలంతురు. అపొస్తలుల కార్యములు 22వ అధ్యాయములో పౌలును కొరడాలతో కొట్టుటకు కట్టినప్పుడు ఆయన ఏమి చేసెను? శిక్ష విధింపకయే రోమీయుని కొట్టుట మీకు న్యాయమా అని శతాధిపతిని అడిగెను. ఆ ఒక్క ప్రశ్నకు వారు భయపడి వెనుకకు తగ్గిరి. పౌలు ప్రభువు కొరకు దెబ్బలు తినుటకు భయపడినవాడు కాడు. అయినను తనకున్న హక్కును ఎరిగి అడిగెను.

మనము ఎరుగవలసినవి ఇవి. మన దేశములో వీడియో కాల్ ద్వారా అరెస్టు అనునది ఏ చట్టములోను లేదు. రాజ్యాంగము 22వ అధికరణము ప్రకారము అరెస్టు చేసినవానికి కారణము చెప్పవలెను, న్యాయవాదిని సంప్రదించుటకు అవకాశమీయవలెను, ప్రయాణ సమయము పోను 24 గంటలలోగా మేజిస్ట్రేటు ఎదుట నిలువబెట్టవలెను. 1996 డిసెంబరులో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు అరెస్టు చేయు అధికారి పేరు, హోదా స్పష్టముగా కనబడవలెననియు, కుటుంబ సభ్యుడుగాని ఊరిలోని పెద్దమనిషిగాని సాక్షిగా సంతకము చేసిన అరెస్టు పత్రము ఉండవలెననియు చెప్పినది. 2024 జూలై 1 నుండి అమలైన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారము అరెస్టు సంగతిని బంధువులకుగాని స్నేహితులకుగాని తెలియజేయవలెను. ప్రత్యేక పరిస్థితులలో మహిళా అధికారి మేజిస్ట్రేటు అనుమతి తీసికొన్నప్పుడు తప్ప, సూర్యాస్తమయము తరువాత సూర్యోదయమునకు ముందు స్త్రీని అరెస్టు చేయరాదు.

నిజమైన చట్టము "మీ వారికి చెప్పండి" అనును. దొంగ "ఎవరికీ చెప్పవద్దు" అనును. ఈ ఒక్క తేడా జ్ఞాపకముంచుకొన్నచో చాలును.

లోపలివారికి తెరచి, బయటివారికి మూసి

ఇదియే ఈ వ్యాసములో మేము చెప్పగోరిన ముఖ్యమైన సంగతి. దేవుడు మన గృహములకు నియమించిన క్రమము ఇట్లున్నది: లోపలివారికి తలుపు తెరచి ఉండవలెను, బయటివారికి మూసి ఉండవలెను. దొంగ దీనిని తలక్రిందులు చేయును. మూసి ఉండవలసిన ఖాతా, పిన్, ఓటీపీ, ఫోను తెర, వీటిని తనకు తెరచి ఇమ్మనును. తెరచి ఉండవలసిన నోటిని భార్య ఎదుట, కుమారుని ఎదుట మూసికొనుమనును.

విచారకరమైన మాట చెప్పవలెను. ఆ రెండవ పని మన ఇండ్లలో అనేక పర్యాయములు దొంగ రాకమునుపే జరిగియున్నది. భర్త పంపిన డబ్బు సంగతి భార్యకు తెలియదు. కుమారుడు ఫోను యాప్‌లో తీసికొన్న అప్పు తల్లికి తెలియదు. పెద్దాయన మోసపోయినచో "ఈ వయసులో మీకు ఫోనెందుకు?" అని కోడలు ఎదుటనే గద్దించుదురు. అట్టి ఇంట రేపు భయము వచ్చినప్పుడు ఆయన ఎవరితో చెప్పుకొనును? మోసగానికి మన పిన్ కంటె ముందు కావలసినది మన ఇంటి మౌనము. మోసపోయినవారిని నిందించు ఇల్లు, దొంగకు తలుపు తీసిన ఇల్లు.

పిల్లల విషయములోను ఇదే. చాటున వారి ఫోను వెదకుటకంటె, భయపడినప్పుడు మొట్టమొదట మన దగ్గరకు పరుగెత్తుకొని వచ్చునట్లు వారిని పెంచుట మేలు.

సంఘముగా చేయదగినవి

1. నెలలో ఒక ఆదివారము ఆరాధన తరువాత యవ్వనస్థులు పెద్దల దగ్గర కూర్చుండి బయోమెట్రిక్ లాక్ వేయుట నేర్పవలెను. నేర్పువారు ఎవరి పిన్, ఓటీపీ అడుగకూడదు, వ్రాసికొనకూడదు. అంకెలు పెద్దవారే నొక్కవలెను.

2. మన పేరున ఎన్ని సిమ్‌లు ఉన్నవో కేంద్ర ప్రభుత్వము 2023లో ఆరంభించిన 'సంచార్ సాథీ'లో చూచుకొని, మనవి కానివాటిని తెలియజేయవలెను.

3. యూపీఐలో పిన్ డబ్బు పంపుటకే గాని, మనకు డబ్బు వచ్చుటకు కాదు. "మీకు సొమ్ము వస్తుంది, పిన్ నొక్కండి" అనువాడు దొంగ.

4. పీఎం కిసాన్ అనియు, బ్యాంకు అనియు, పెండ్లి శుభలేఖ అనియు వాట్సాప్‌లో వచ్చు ఏపీకే ఫైలును తెరవవద్దు. అది ఫోనులోనికి చేరినచో మనకు వచ్చు ఓటీపీలను తానే చదువుకొనగలదు.

5. సొమ్ము పోయినదని తెలిసిన నిమిషమే 1930 నంబరుకు ఫోను చేయవలెను, బ్యాంకునకు తెలుపవలెను. దొంగ ఆ సొమ్మును గంటలలోనే ఒక ఖాతానుండి మరియొక ఖాతాకు తరలించును. ముందుగా చెప్పినచో దారిలోనే ఆపుటకు అవకాశమున్నది. మన తప్పుగాని బ్యాంకు తప్పుగాని లేకుండ సొమ్ము పోయినప్పుడు, 3 పని దినములలోగా తెలిపిన ఖాతాదారునికి నష్టము ఉండరాదని రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఆదేశమిచ్చినది. ఆలస్యమైనకొలది నష్టము మనదగును. కావున సిగ్గుపడి దాచకుడి.

6. యవ్వనస్థులారా, కమీషను ఇత్తుమని చెప్పి మీ బ్యాంకు ఖాతాను, ఏటీఎమ్ కార్డును, సిమ్‌ను అడుగువారికి ఇయ్యవద్దు. ఒక వృద్ధురాలి పింఛను సొమ్ము మీ ఖాతా గుండా పోవును. పోలీసులు మొదట వచ్చునది మీ ఇంటికే.

యెరూషలేము గోడ పూర్తియైన తరువాత నెహెమ్యా చేసిన ఏర్పాటు 7వ అధ్యాయములో ఉన్నది. ప్రొద్దెక్కి వెలుగు బాగుగా వచ్చువరకు గుమ్మములు తెరవకూడదనియు, ప్రతివాడును తన ఇంటి ఎదుట కావలి యుండవలెననియు ఆయన నియమించెను. గోడ కట్టిన దేవుడు చాలడా, తలుపునకు అడ్డగడియ ఎందుకు అని ఆయన అనలేదు. దేవునిమీద ఆనుకొనెను, గడియయు వేసెను.

రేపు ఎవరైనను మిమ్మును "తప్పు చేయనివాడికి తాళమెందుకు?" అని అడిగినచో వారితో పెద్దగా వాదింపవద్దు. తాళము దొంగ వేసికొనునది కాదు, దొంగ ఉన్నాడని ఎరిగినవాడు వేసికొనునది అని నెమ్మదిగా చెప్పుడి. సాయంత్రము ఇంటికి వచ్చి మీ వారందరిని కూర్చుండబెట్టి, "ఎలాంటి ఫోను వచ్చినా, ఎంత పోయినా, ముందు మనం మనకు చెప్పుకుందాం, ఎవరూ ఎవరినీ తిట్టం" అని మాట తీసికొనుడి. ఆ మాట తీసికొన్న ఇంట ఓనో పత్రికకు పని లేదు.

మన రాకపోకలను, మన గుమ్మములను కాపాడు దేవుడు మీ కుటుంబములకు వివేకమును సమాధానమును అనుగ్రహించును గాక. ఆమేన్.